నూటెనిమిది కిలోల దయ్యం



పోకెమాన్ ఆటల్లో స్పిరిటూంబ్ అనే జీవి ఒకటుంది. పుట్టినింట్లో, అంటే జపాన్‌లో, దాని పేరు మికారుగె. పగులిచ్చిన ఒక రాయి, ఆ పగుల్లోంచి సుడి తిరుగుతూ పైకి లేచే ఊదారంగు పొగ, పొగ మధ్యలో పచ్చగా మెరిసే కళ్ళు, ఇకిలించే నోరు, చుట్టూ ఆకుపచ్చ చుక్కలు. ఇదీ దాని వాలకం. 2006 సెప్టెంబరులో జపాన్‌లో విడుదలైన డైమండ్, పర్ల్ అనే జంట ఆటలతో ఇది లోకం మీదికి వచ్చింది.

ఈ ఆటల్లో ప్రతి జీవికీ ఒక వివరాల పేజీ ఉంటుంది. ఎత్తెంత, బరువెంత, జాబితాలో ఎన్నోది, దాని సంగతి సందర్భాలేమిటి, అన్నీ అందులో రాసి ఉంటాయి. స్పిరిటూంబ్ పేజీ తెరిస్తే బరువు 108 కిలోలు. ఆ కథ నడిచే సిన్నో ప్రాంతపు జాబితాలో దాని వరుస సంఖ్య 108. దెబ్బ కాచుకునే శక్తికి ఇచ్చిన అంకె 108. మామూలు దెబ్బలు కాక ప్రత్యేక దాడులని కొన్ని ఉంటాయి. వాటిని కాచుకునే శక్తికి ఇచ్చిన అంకె కూడా 108. ఇక కథ చూస్తే, 108 ఆత్మలు కలిసి ఒక్కటై ఆగడాలు చేస్తుంటే, 500 ఏళ్ల కిందట ఆ రాతి పగుల్లో బంధించేశారని ఉంటుంది.

మన ఇళ్లల్లో 108 అనగానే పెద్దవాళ్లకి అష్టోత్తరం, జపమాల గుర్తొస్తాయి. కుర్రకారుకి అంబులెన్సు గుర్తొస్తుంది. జపాన్ పిల్లలకి గుర్తొచ్చేది గంట.

డిసెంబరు 31 అర్ధరాత్రి జపాన్‌లో బౌద్ధాలయాల గంటలు 108 సార్లు మోగుతాయి. చాలా చోట్ల 107 పాత ఏడాదిలో, చివరిది కొత్త ఏడాదిలో పడేలా చూసుకుంటారు. క్యోటోలో చియోన్-ఇన్ ఆలయపు గంట 1636లో పోతపోసింది, బరువు దాదాపు 70 టన్నులు. దాన్ని మోగించడానికి 17 మంది సన్యాసులు కావాలి. గంటకి ఎదురుగా ఒక పెద్ద దూలం తాళ్లతో వేలాడుతుంది. పదహారు మంది తాళ్లు పట్టుకుని లయగా లాగి వదులుతుంటారు. పదిహేడో ఆయన గంటకి వీపు పెట్టి, అసలు తాడు చేతబట్టి, అందరి కేకా ఒక్కటైన క్షణాన కాళ్లు నేలకి తన్ని, దాదాపు వెల్లకిలా పడుకున్నంత పనిచేసి దూలాన్ని గంటకేసి కొట్టిస్తాడు. ఆ మోత చాలాసేపు వదలదు. దేశంలో వేర్వేరు ఆలయాల గంటల మోతను ఎన్.హెచ్.కె. సంస్థ ఏటా ఆ రాత్రి ప్రసారం చేస్తుంది. గుడికి వెళ్లని ఇంట్లో కూడా ఆ అంకె చెవిన పడుతుంది.

ఎందుకు 108 అంటే, మనిషిని పట్టి పీడించే క్లేశాలు అన్ని అని. దానికి చెప్పే లెక్క భలేగా ఉంటుంది. కన్ను, చెవి, ముక్కు, నాలుక, ఒళ్లు, మనసు, ఇవి ఆరు. ఒక్కొక్కదానికి తగిలేది ఇష్టమైనా కావచ్చు, అయిష్టమైనా కావచ్చు, రెండూ కాకపోవచ్చు, పద్దెనిమిది. అందులో మలినమైనవి, కానివి అని రెండు రకాలు, ముప్ఫయ్యారు. జరిగినది, జరుగుతున్నది, జరగబోయేది అని మూడు కాలాలు, 108. ఒక్కో గంటకి ఒక్కో క్లేశం వదులుతుంది.

ఈ అంకె బౌద్ధంతోపాటు మన దేశం నుంచే బయల్దేరి, చైనా మీదుగా అక్కడికి చేరింది. ఆ దారిలో వెళ్లిన పేర్లలో మనకి బాగా తెలిసింది ఒకటుంది. జపాన్ బౌద్ధులు ఎనిమిది శాఖలకి మూలపురుషుడని మొక్కే నాగార్జునుడి పేరే మన కృష్ణ ఒడ్డున కొండకీ, ఆనకట్టకీ ఉంది.

మళ్లీ ఆటలోకి వద్దాం. రాతిలో బంధించిన 108 ఆత్మల జీవి అనగానే జపాన్ పిల్లవాడికి సగం కథ చెప్పకుండానే తెలిసిపోతుంది. ఇవి వదలని మలినాలు, గంట కొట్టినా పోనివి. ఆటలో దాని నడవడిక కూడా అలాగే పెట్టారు. దయ్యం, చీకటి అనే రెండు జాతుల కలయిక అది. పోకెమాన్‌లో నీళ్లు నిప్పుని, నిప్పు గడ్డిని గెలిచినట్టు ప్రతి జాతికీ ఏదో ఒక జాతి ముందు బలహీనత ఉంటుంది. ఈ కలయికకు మాత్రం అప్పట్లో బలహీనత అంటూ లేదు. 2013లో ఫెయిరీ అనే కొత్త జాతిని ప్రవేశపెట్టాకే దీన్ని దెబ్బతీసే మార్గం దొరికింది. పట్టుకోవడం కూడా చచ్చే చావు. వింత రాయి ఒకటి సంపాదించాలి. దాన్ని దారి పక్కన శిథిలమైపోయిన ఒక రాతి గోపురంలో పెట్టాలి. ఆ తర్వాత భూగర్భంలోకి దిగి, అక్కడ ఆడుతున్న ఇతర ఆటగాళ్లతో 32 సార్లు మాట కలపాలి. మీ చేతిలో యంత్రం ఒక్కటుంటే లాభం లేదు, పక్కన తోడుండాలి. ఆత్మల గుంపు ఒంటరివాడికి దొరకదన్నమాట. ఇది నా వ్యాఖ్యానమే. తయారుచేసినవాళ్ల ఉద్దేశం పిల్లలు ఒకరింటికొకరు వెళ్లి ఆడాలన్నదే అయ్యుంటుంది.

రాయి కింద బంధించిన 108 అనే ఊహ వెనక ఇంకో కథ కూడా ఉంది. చైనాలో జలతీరపు వీరుల నవల ఒకటి ప్రసిద్ధం. ఆ నవల మొదట్లోనే ఒక అధికారి, వద్దంటున్నా వినకుండా ఆలయంలోని రాతి పలకను పెళ్లగిస్తాడు. దాని కింద మూసిపెట్టిన 108 దుష్ట నక్షత్రాలు, 36 ఆకాశానివి, 72 భూమివి, నల్లటి పొగగా బయటికి చిమ్ముకుంటాయి. వాళ్లే తర్వాత 108 మంది బందిపోటు వీరులై పుడతారు. ఉతగావా కునియోషి అనే చిత్రకారుడు 1827 ప్రాంతంలో ఈ వీరుల బొమ్మలు ముద్రించడం మొదలుపెట్టి రాత్రికి రాత్రి పేరు తెచ్చుకున్నాడు. అప్పట్లో ఎదో అని పిలిచే తోక్యో నగరంలో కుర్రాళ్లు ఆ బొమ్మల్ని చూసి ఒంటినిండా పచ్చబొట్లు పొడిపించుకున్నారు. 1995లో కొనామి సంస్థ ఆ నవల పేరుతోనే, సుయికోదెన్ అని, ఒక ఆట తెచ్చింది. అందులో ఆటగాడి పని 108 మందిని ఒక్కొక్కరినే వెతికి కోటకి చేర్చుకోవడం. కాబట్టి 2006 నాటికి రాయి, పొగ, 108 అనే మూడూ జపాన్ చూపుకి పాత చుట్టాలే.

పోకెమాన్‌కి తొమ్మిది అంకె అంతకు పదేళ్ల ముందే దొరికింది. 1996 ఫిబ్రవరి 27న వచ్చిన మొట్టమొదటి ఆటల్లోనే రెండు నక్కలున్నాయి. చిన్నది వల్పిక్స్, పెద్దది నైన్‌టేల్స్. జపాన్ పేర్లు రోకోన్, క్యూకోన్. కోన్ అంటే అక్కడ నక్క కూత. దాని ముందున్న రో, క్యూ అంటే ఆరు, తొమ్మిది. చిన్నది పుట్టినప్పుడు దానికి ఒకే తెల్లటి తోక ఉంటుంది. ఎదిగేకొద్దీ కొసల దగ్గర చీలి ఆరవుతుంది. పెద్దదానికి తొమ్మిది. తొమ్మిదిమంది మహాత్ములు కలిసి ఆ జీవిగా పుట్టారనీ, వెయ్యేళ్లు బతుకుతుందనీ, తోక పట్టుకుని లాగినవాడికి వెయ్యేళ్ల శాపం తగులుతుందనీ వివరాల పేజీలో ఉంటుంది. బరువులు చూడండి: చిన్న నక్క 9.9 కిలోలు, పెద్ద నక్క 19.9 కిలోలు.

జపాన్ జానపద కథల్లో నక్కకి వయసుతోపాటు తోకలు పెరుగుతాయి. తోకలెన్నో చూస్తే దాని వయసెంతో, విద్య ఎంతో తెలిసిపోతుంది. మనిషి వేషం వేసిన నక్కని కూడా చివరికి తోకే పట్టిస్తుంది. ఈ తొమ్మిది తోకల నక్క మొదట జపాన్‌ది కాదు. చైనాలో కొండల, సముద్రాల వింతలు చెప్పే అతి పాత గ్రంథంలోనే ఉంది. పసిపిల్లలా ఏడుస్తుందనీ, మనుషుల్ని తింటుందనీ అందులో రాశారు.

జపాన్‌లో ఆ నక్క తమామొ-నొ-మయె అనే అందగత్తెగా మారింది. పన్నెండో శతాబ్దపు తోబా చక్రవర్తి కొలువులో ఆమెకి తెలియని శాస్త్రం లేదు, ఆమె ఒంటి సువాసనకి పరిమళ ద్రవ్యాలు అక్కర్లేదు. చక్రవర్తి ఆమె మాయలో పడి మంచం పట్టాడు. జ్యోతిష్కుడు ఒకడు పూజ జరిపించి ఆమె గుట్టు బయటపెట్టాడు. నక్క తూర్పుగా నాసు మైదానానికి పారిపోయింది. వీరులు వెంటబడి బాణాలతో చంపారు. చచ్చినా కసి చావక ఒక రాయిగా మారి, దగ్గరికొచ్చిన ప్రాణినల్లా చంపుతూ కూర్చుంది. దానికి చంపే రాయి అనే పేరు వచ్చింది. చాలా కాలానికి గెన్నో అనే బౌద్ధ సన్యాసి దానికి బోధ చేసి, సుత్తితో పగలగొట్టి, ఆత్మకి విముక్తి కలిగించాడట. జపాన్ వడ్రంగులు పెద్ద సుత్తిని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

ఆ రాయి ఇప్పటికీ తొచిగి ప్రాంతంలో నాసు దగ్గర ఉంది. అది అగ్నిపర్వతపు వాలు. గంధకపు వాసన, నేలలోంచి వెలువడే విషవాయువులు నిజంగానే ఉన్నాయి. 1689లో బషో అనే మహాకవి గుర్రం మీద వెళ్లి, రాయి చుట్టూ ఇసుక కనబడనంతగా తేనెటీగలు, సీతాకోకచిలుకలు చచ్చి పడి ఉన్నాయని తన యాత్రా గ్రంథంలో రాసుకున్నాడు. 2022 మార్చిలో ఆ రాయి నిట్టనిలువునా రెండుగా చీలి కనబడింది. నక్క విడుదలైపోయిందని దేశమంతా గగ్గోలు. పగుళ్లు అంతకు కొన్నేళ్ల ముందే ఉన్నాయి, వాన నీరు అందులో దిగి గడ్డకట్టి రాయిని చీల్చి ఉంటుందని స్థానిక అధికారులు చెప్పారు. అయినా సెల్‌ఫోన్లు పట్టుకున్న జనం నక్క కథనే పంచుకున్నారు. ఆ తరమంతా తోకకి వెయ్యేళ్ల శాపమున్న నక్కతో ఆడుకుంటూ పెరిగిందే కదా.

ఈ కథలో మనకి ఒక వాటా ఉంది. ఎదో కాలపు కథకులు ఆ నక్కకి మూడు దేశాల పూర్వచరిత్ర కట్టారు. జపాన్‌కి రాకముందు చైనాలో షాంగ్ రాజుని చెడగొట్టిన రాణి ఆమేనట. ఆ మధ్యలో భారతదేశంలో హన్‌జోకు అనే రాజకుమారుడి పక్కన కయో అనే పేరుతో ఉండి, వెయ్యిమంది రాజుల తలలు నరకమని పురిగొల్పిందట. ఈ హన్‌జోకు ఎవరో కాదు, కల్మాషపాదుడు. మహాభారతం ఆదిపర్వంలో శాపం తగిలి రాక్షసుడై, వసిష్ఠుడి నూరుగురు కొడుకుల్ని పొట్టన పెట్టుకున్న ఇక్ష్వాకు రాజు. మన దగ్గర నక్క ఊసే లేదు. బౌద్ధ గ్రంథాల మీదుగా ఆ రాజు జపాన్ చేరితే, అక్కడివాళ్లు ఆయన పక్కన నక్కని కూర్చోబెట్టారు. పచ్చబొట్ల కునియోషీయే ఆ బొమ్మ కూడా వేశాడు: మేఘంలో తొమ్మిది తోకలు విప్పిన ఆడది, కింద బెదిరిపోతున్న రాజకుమారుడు.

తొమ్మిది అంకెకి చైనాలో రాజమర్యాద ఉంది, బేసి అంకెల్లో అదే పెద్దది. జపాన్‌లో అదే అంకె పలుకు బాధ అనే మాటలా వినబడుతుందని ఆసుపత్రి గదులకి వెయ్యడానికి జంకుతారు. నక్క మాత్రం రెండు అర్థాలనీ తోకలకి కట్టుకుని దర్జాగా తిరుగుతోంది.

తోకలు వయసుతో చీలడం నక్క ఒక్కదానికే కాదు. ముసలి పిల్లికి తోక రెండుగా చీలి నెకొమాత అనే దయ్యం అవుతుందంటారు. సుమారు 1330 నాటి ఒక వ్యాస సంకలనంలో కెన్కో అనే సన్యాసి చెప్పిన ముచ్చట ఇది. పద్యాల గోష్ఠులకి వెళ్లే ఒక బైరాగి ఈ దయ్యం మాట విని హడలిపోయి ఉన్నాడు. ఓ రాత్రి గోష్ఠి ముగించుకుని, గెలుచుకున్న విసనకర్ర, చిన్న పెట్టె ఒళ్లో దాచుకుని కాలవ గట్టున ఇంటికి వస్తున్నాడు. ఏదో పరుగున వచ్చి కాళ్లకి చుట్టుకుని పీక మీదికి ఎగబాకింది. కాళ్లు చచ్చుబడి కాలవలో పడి లబోదిబోమన్నాడు. ఇరుగుపొరుగు దివిటీలతో వచ్చి లాగారు. బహుమతులు తడిసి ముద్దయ్యాయి. మీదికి దూకింది ఆయన పెంచుకుంటున్న కుక్క. యజమానిని గుర్తుపట్టి సంబరపడింది. 2013లో లెవెల్-ఫైవ్ సంస్థ తెచ్చిన యోకాయ్ వాచ్ ఆటలో జిబాన్యాన్ అనే ఎర్ర పిల్లి ఉంది. లారీ కింద పడి చచ్చిన పెంపుడు పిల్లి అది. రెండు తోకలు, రెండింటి కొసలా నిప్పు. ఏడు వందల ఏళ్ల నాటి భయం అక్కడ చాక్లెట్లంటే పడిచచ్చే ముద్దుల పిల్లయింది. సెగా సంస్థ సోనిక్ ఆటలో 1992 నుంచి తిరుగుతున్న టెయిల్స్ అనే రెండు తోకల నక్కకీ పూర్వీకులు ఈ వాడవాళ్లే.

అయితే అంకెని బొమ్మకి అతికించడం ఒక ఎత్తు, ఆటకి నియమంగా మార్చడం ఒక ఎత్తు. రెండోదానికి నాకు నచ్చిన ఉదాహరణ ఎనిమిది తలల పాము.

712లో రాసిన కొజికి అనే గ్రంథంలో యమత-నొ-ఒరోచి కథ ఉంది. ఇజుమో దేశంలో ఒక ముసలి దంపతులు ఏడుస్తూ కూర్చున్నారు. ఎనిమిదిమంది కూతుళ్లలో ఏటా ఒకర్ని పాము తినేసింది, మిగిలింది ఒక్కతే. పాముకి ఎనిమిది తలలు, ఎనిమిది తోకలు. వీపు మీద నాచు, దేవదారు చెట్లు మొలిచి ఉంటాయి. ఎనిమిది లోయలు, ఎనిమిది గుట్టల మేర పరుచుకుని ఉంటుంది. సుసనో అనే దేవుడు ఆ పిల్లని దువ్వెనగా మార్చి తలలో దోపుకున్నాడు. కంచె కట్టించి దానికి ఎనిమిది వాకిళ్లు పెట్టించాడు. వాకిలికో అరుగు, అరుగుకో తొట్టి, తొట్టినిండా ఎనిమిది సార్లు కాచి తీసిన మద్యం. పాము వచ్చి తొట్టికో తల పెట్టి తాగి పడిపోయింది. అప్పుడు నరికాడు. తోకలో కత్తి దొరికింది. ఎనిమిది అంటే అక్కడ లెక్కపెట్టిన ఎనిమిది కాదు, బోలెడు అని. మనం వేయి కళ్ళతో ఎదురుచూశానంటే ఎవరూ లెక్కపెట్టరు, అలాగే. జపాన్ దేవతలు ఎనభై లక్షలని చెప్పే మాట కూడా ఆ కోవదే.

2006 ఏప్రిల్‌లో కాప్కామ్ సంస్థ ప్లేస్టేషన్ 2కి తెచ్చిన ఒకామి ఆటలో ఈ పాము ఉంది. దర్శకుడు హిదెకి కమియ. ఆటగాడు నడిపేది అమతెరాసు అనే సూర్యదేవతని; ఆమె తెల్ల తోడేలు రూపంలో ఉంటుంది. ఆయుధం సిరాకుంచె. తెర మీద గీత గీస్తే ఆ పని జరుగుతుంది. కొజికి చెప్పిన బోలెడు ఎనిమిదిని ఈ ఆట లెక్కపెట్టిన ఎనిమిది చేసింది. ఒక తలకి నిప్పు, ఒకదానికి నీరు, ఒకదానికి పిడుగు, ఒకదానికి విషం, ఇలా ఎనిమిది తలలకీ ఎనిమిది గుణాలు పంచింది. మడుగులో ఉన్న మద్యాన్ని కుంచె గీతతో పైకి లేపి తల నోట్లోకి పోయాలి. పాత కథలో దేవుడు ఒకే వాక్యంలో చేసిన పనిని పిల్లవాడు చేతులు నొప్పి పుట్టేదాకా చేస్తాడు. కొజికి చదవని పిల్లవాడికి కూడా ఆ కథ చేతివేళ్లకి వచ్చేస్తుంది. ఇదే ఆటలో కుంచె విద్యలు నేర్పే దేవతలు పన్నెండు రాశుల జంతువుల రూపాల్లో ఉంటారు. వాళ్ల మధ్య పిల్లి కూడా ఉంటుంది. ఎలుక మోసం చేసినందువల్ల పిల్లికి రాశుల్లో చోటు దక్కలేదన్న కథ తూర్పు దేశాలంతటా ఉంది. ఆటవాళ్లు పాత అన్యాయాన్ని సరిచేశారనుకోవాలి.

పన్నెండు మాట వచ్చింది కాబట్టి డిజిమాన్ సంగతి రెండు ముక్కల్లో. 1997లో బందాయ్ సంస్థ అరచేతి బొమ్మగా తెచ్చిన ఈ వరుసలో, 2001 నాటి టీవీ కథలో పన్నెండుగురు దేవాలు వస్తారు. వాళ్ల పేర్లు వినండి: కుంభీరమాన్, వజ్రమాన్, మిహిరమాన్, ఇంద్రమాన్, సిందూరమాన్, చతురమాన్, వికరాలమాన్. భైషజ్య బుద్ధుడికి పన్నెండుగురు యక్ష సేనానులుంటారు, వాళ్ల సంస్కృత నామాలే ఇవి. జపాన్‌లో ఈ సేనానులకి తలా ఒక రాశి జంతువుని కట్టబెట్టారు. అందుకే కుంభీరమాన్ ఎలుకగా, వజ్రమాన్ ఎద్దుగా, ఇంద్రమాన్ గుర్రంగా కనబడతారు. కుంభీరమంటే మొసలి అని తెలిసిన మనకి ఎలుకని చూసి నవ్వొస్తుంది. నారా నగరంలో షిన్-యకుషిజి అనే ఆలయంలో ఎనిమిదో శతాబ్దపు మట్టి సేనానులు బుద్ధుడి చుట్టూ వలయంగా నిలబడి ఉన్నారు. పన్నెండులో ఒకటి మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో కొత్తగా చేసి పెట్టింది.

నూరు అంకెకి జపాన్ దయ్యాల లోకంలో పెద్దపీట. ఎదో కాలంలో నూరు కథల గోష్ఠి అని ఒక వినోదం ఉండేది. నూరు ఒత్తులు వెలిగించి, ఒక్కో దయ్యం కథ చెప్పాక ఒక్కో ఒత్తి ఆర్పేస్తారు. నూరోది ఆరిన చీకట్లో నిజం దయ్యం వస్తుంది. అందుకని తొంభైతొమ్మిదితో ఆపేసి తెల్లారేదాకా కూర్చునేవారు. వాడుకునే సామానుకి నూరేళ్లు నిండితే ప్రాణం వస్తుందని, అందుకే ఏడాది ముందే బయట పారేస్తారని, పారేసిన గొడుగులు, చెప్పులు, కుండలు పగబట్టాయని మధ్యయుగపు చిత్రకథ ఒకటి చెబుతుంది. పోకెమాన్‌లో పారేసిన గుడ్డబొమ్మ పగతో దయ్యమైన బ్యానెట్, పాత టీ కూజాలో కాపురముండే పోల్టీగైస్ట్ ఆ సంతానమే. 1776లో తొరియామ సెకియెన్ అనే చిత్రకారుడు నూరు దయ్యాల రాత్రి ఊరేగింపు అని ఒక పుస్తకం వేశాడు. పుటకో దయ్యం, పక్కన పేరు. తర్వాతి పుస్తకాల్లో చిన్న వివరణ కూడా. మొత్తం నాలుగు సంపుటాలయ్యేసరికి దయ్యాలు రెండు వందలు దాటాయి, పేరులో నూరు అలాగే ఉండిపోయింది. ఇవాళ పిల్లలు జీవికో పేజీ తిప్పుతూ చదివే వివరాల జాబితాకి తాత అదే.

అన్నింటికన్నా చిన్న అంకెని వాడుకున్న జీవి దగ్గర కాస్త ఆగుతాను. షెడింజా. 2002లో పోకెమాన్ రూబీ, సఫైర్ ఆటలతో వచ్చిన ఇలకోడి డొల్ల అది. ఇలకోడి భూమిలో ఏళ్ల తరబడి ఉండి, ఒక వేసవిలో పైకి వచ్చి, చెట్టు బెరడు పట్టుకుని, వీపు చీల్చుకుని ఎగిరిపోతుంది. డొల్ల అక్కడే ఉండిపోతుంది. జపాన్ కవిత్వంలో ఆ డొల్ల వెయ్యేళ్లుగా అనిత్యానికి గుర్తు. ఆటలో ఈ పురుగు ఎదిగి ఎగిరిపోయినప్పుడు, మీ సంచిలో జీవుల్ని పట్టుకునే ఖాళీ బంతి ఒకటి, మీ గుంపులో ఒక ఖాళీ చోటు ఉంటే, ఎవరూ పిలవకుండానే డొల్ల అందులోకి వచ్చి కూర్చుంటుంది. తల మీద వెలుగు చక్రం. కదలదు, ఊపిరి తీయదు. దాని ప్రాణబలం ఒకటి. ఎన్ని యుద్ధాలు గెలిచినా, ఎంత ఎదిగినా ఒకటే. సరైన జాతి దాడి తగిలితే తప్ప ఏ దెబ్బా దానికి అంటదు, తగిలితే మాత్రం ఒక్కదానితో సరి. దాని వీపులోని పగులులోకి తొంగిచూస్తే చూసినవాడి ఆత్మని లాగేస్తుందని వివరాల పేజీ హెచ్చరిస్తుంది. పోకెమాన్ యుద్ధంలో మన తరఫు జీవి ఎప్పుడూ మనకి వీపు తిప్పి నిలబడుతుంది. అంటే దాన్ని పెంచుకున్న ప్రతి పిల్లవాడూ ఆ పగుల్లోకే చూస్తున్నాడు. ఎవరో కూర్చుని, నవ్వుకుంటూ చేసిన పని ఇది. పోకెమాన్ సృష్టికర్త సతోషి తజిరి చిన్నప్పుడు తోక్యో శివార్లలో పురుగులు పట్టుకు తిరిగినవాడే. చెట్టుకి అంటుకున్న డొల్లని చేత్తో తీసిన పిల్లలకి దాని బరువెంతో తెలుస్తుంది.

ఇంతవరకు విన్నాక ప్రతి అంకెలోనూ ఏదో మర్మం ఉందనిపించవచ్చు. ఆ సరదా పట్టుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. జీవుల వరుస సంఖ్యల్ని కూడి, తీసివేసి, తిరగేసి అర్థాలు లాగుతుంటారు. నా మట్టుకు నేను పెట్టుకున్న కొలత ఒకటుంది. అంకె ఒక్కచోట కనబడితే కాకతాళీయం అనుకుంటాను. బరువులో, వరుసలో, బలంలో, కథలో అదే అంకె పదేపదే తగిలితే ఎవరో కావాలని పెట్టారని నమ్ముతాను. 108 అలా నిలబడుతుంది. నక్కల బరువుల్లో తొమ్మిదులు నిలబడతాయనే నా అనుమానం. నాలుగు మాత్రం నిలబడదు. నాలుగు అంకె పలుకు చావు అనే మాటలా ఉంటుందని జపాన్‌లో బహుమతి కూడా నాలుగుగా ఇవ్వరు. అయినా పోకెమాన్‌లో చివరి మెట్టు మీద కాచుకునే నలుగురు మహాయోధులకి జపాన్ భాషలో పెట్టిన పేరు నలుగురు దిక్పాలకులదే. బౌద్ధాలయంలో కాపలా ఉండే దేవతలది. అక్కడ నాలుగంటే చావు కాదు, రక్షణ. ఒకే అంకె ఏ గుమ్మంలో నిలబడిందన్నదాన్ని బట్టి అర్థం మారుతుంది. అది చూడకుండా పుస్తకంలోని పట్టికతో జీవుల్ని కొలిస్తే అన్నీ తప్పుతాయి.

మొదటి పోకెమాన్ ఆటల్లో మొత్తం జీవులు 151. ఈ అంకె మీద కూడా బోలెడు వ్యాఖ్యానాలు నడిచాయి. అసలు జరిగింది ఇది. ఆట దాదాపు పూర్తయింది, 150 జీవులతో. పరీక్షల కోసం లోపల పెట్టుకున్న సాధనాలు తీసేస్తే సుమారు 300 బైట్ల జాగా మిగిలింది. షిగెకి మొరిమోతో అనే ప్రోగ్రామరు ఆ జాగాలో, బయటివారికి చెప్పకుండా, మ్యూ అనే చిన్న జీవిని ఇరికించాడు. 151కి వెనక ఏ పురాణమూ లేదు, మిగిలిపోయిన జాగా ఒక్కటే ఉంది.